రామమందిరం కరెంటు బిల్లు: సోలార్ ప్యానెళ్ల కంటే ముందు చేయవలసిన పని

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురం దగ్గర మీ ఊరిలో తెలుగువాళ్ల రామమందిరం ఉంది, వీధి చివర చర్చి ఉంది, బజారు వైపు చిన్న మసీదు ఉంది. మూడు చోట్లా కరెంటు బిల్లు పెరుగుతోంది. చందాలు పోగుచేసి మందిరం మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామని కుర్రవాళ్లు అంటున్నారు. "దేవుడి దగ్గర కరెంటు లెక్కలేమిటి, ఇది భక్తి పని కాదు" అని పెద్దలు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పర్లాకిమిడిలో ఉంటాను. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో చాలా గుళ్లలో, చర్చిల్లో, మసీదుల్లో వైరింగు చూశాను, కొన్నిచోట్ల దగ్గరుండి మార్పించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ప్యానెళ్లు చివరి పని. మొదటి పని మీటరు చదవడం. పెద్దల మాటకు జవాబు కూడా ఆ మీటరు దగ్గరే దొరుకుతుంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

ఈ రాత్రి పవళింపు సేవ అయ్యాక, గర్భగుడిలో నూనె దీపం తప్ప అన్ని స్విచ్‌లూ ఆపించి, మీటరు ముందు నిలబడండి. దాని మీద ఒక చిన్న ఎర్ర చుక్క మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అవుతుందో మీటరు మీదే అచ్చు వేసి ఉంటుంది. చాలా మీటర్లలో 1600 అనో 3200 అనో ఉంటుంది. అన్నీ ఆపేశాక ఆ చుక్క మెరవకూడదు. మెరుస్తోందంటే ఎవరూ చూడని చోట ఏదో కరెంటు తింటోందని అర్థం.

ఒక గుడిలో నేనూ అక్కడి అర్చకులూ ఇలాగే టార్చి పట్టుకుని నిలబడ్డాం. తొమ్మిది సెకన్లకు ఒకసారి చుక్క మెరిసింది. 3200 మీటరు అది. అంటే గంటకు 400 మెరుపులు, ఎనిమిదో వంతు యూనిట్. ఎవరూ లేని గుడిలో 125 వాట్లు కాలుతున్నాయి. ఒక్కో ఫ్యూజు తీసి చూసుకుంటూ వెళ్లాం. మైకు సెట్టు యాంప్లిఫయరు మీద ధూళి పడకుండా ఎర్ర గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీసి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పల్లకి, గొడుగులు దాచే గదిలో ఒక 60 వాట్ల బల్బు పగలూ రాత్రీ వెలుగుతోంది. ఆ గదికి బయట నుంచి గొళ్లెం, స్విచ్ మాత్రం లోపల. ఆ రెండూ ఆపినా చుక్క ఆగలేదు. చివరికి బావి దగ్గర మోటారు వైరు పైపొర చిట్లి, తడి గోడలోకి కరెంటు దిగుతోందని తేలింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిల్లు మాట పక్కన పెట్టండి. గుడికి వచ్చేవారు చెప్పులు విడిచి వస్తారు, కాళ్లు కడుక్కుని తడి పాదాలతో నడుస్తారు, కొందరు తడి బట్టలతోనే ప్రదక్షిణలు చేస్తారు. అలాంటి చోట కరెంటు కారడం ప్రాణాల మీదికి వచ్చే సంగతి. అందుకే ఎవరు పిలిచినా నేను అడిగే మొదటి మాట ఒకటే: ఎర్తింగ్ సరిగా ఉందా, లీకేజీ వస్తే దానంతట అదే పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్ ఉందా అని. లేకపోతే మీ చందాలో మొదటి రూపాయి దానికే వెళ్లాలి. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. భక్తితో ఉచితంగా చేస్తానని ఎవరో ముందుకు వచ్చినా సరే, లైసెన్సు లేకపోతే వద్దనండి.

ఇక దీపాల లెక్క. చోక్ ఉన్న పాత ట్యూబులైటు 50 వాట్లకు పైగా లాగుతుంది. అంత వెలుగే ఇచ్చే ఎల్‌ఈడీ ట్యూబుకు 20 వాట్లు చాలు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియనిది ఏమిటంటే, చాలా మందిరాల్లో అసలు భారం ఇవేవీ కావు. గోపురం మీదికి తిప్పిన హాలోజన్ దీపాలే. 500 వాట్లవి నాలుగు, సాయంత్రం నాలుగు గంటలు వెలిగితే రోజుకు 8 యూనిట్లు. నెలకు 240. మంటపంలో పన్నెండు పాత ట్యూబులైట్లు రోజుకు ఆరు గంటలు వెలిగినా నెలకు 110 యూనిట్ల దగ్గరే ఆగుతాయి. ఆ నాలుగు హాలోజన్లనూ 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లుగా మార్చి, తొమ్మిదింటికి ఆరిపోయేలా టైమరు పెట్టండి. మీ బిల్లులో సగం బరువు అక్కడే దిగిపోవచ్చు.

గర్భగుడి సంగతి వేరు. అక్కడ వాట్ల లెక్కతో పని జరగదు, అర్చకుడి మాటతోనే జరుగుతుంది. స్వామి ముఖం మీదికి రెండు ఫోకస్ బల్బులు పెట్టిన మందిరం ఒకటి చూశాను, ఒక్కొక్కటి 100 వాట్లు. పాత బల్బు తీసుకునే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. కిటికీ లేని ఆ చిన్న గదిలో ఉదయం వేసిన తులసి మాల మధ్యాహ్నానికి వడలిపోయేది, అద్దిన చందనం ఎండి పగిలేది. అర్చకులు ఉత్తరీయంతో చెమట తుడుచుకుంటూనే అష్టోత్తరం చదివేవారు. ఆ వేడి పోవడానికి ఎగ్జాస్టు ఫ్యాను బిగించారు, దాని గాలికి దీపం కొండెక్కిపోయేది. ఆ బల్బులు తీసి 7 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెట్టాం, ఫ్యాను అవసరం తీరిపోయింది. మరునాడు సాయంకాలం పచ్చగా ఉన్న మాలను పళ్లెంలో తెచ్చి ధర్మకర్తలకు చూపించింది ఆ అర్చకులే. నేను గంటసేపు చెప్పినా రాని ఒప్పుదల ఆ తులసి మాలతో వచ్చింది. కాబట్టి మీ మందిరంలో కూడా మొదట అర్చకుల ఇబ్బంది ఏమిటో అడిగి తెలుసుకోండి.

చర్చికి, మసీదుకు ఇదే పట్టీ తీసుకెళ్లకండి. ఒకే ఫ్యాను మూడు చోట్ల మూడు రకాలుగా లెక్కకు వస్తుంది. ఆదివారం ఆరాధనలో మూడు గంటలు తిరిగే పదహారు ఫ్యాన్లను మారిస్తే వారానికి రెండు యూనిట్లు మిగులుతాయి. అంత ఖర్చు దండగ. మసీదులో ఐదు పూటలా నమాజుకు తిరిగే ఎనిమిది ఫ్యాన్లను మారిస్తే నెలకు 27 యూనిట్ల దాకా మిగులుతాయి, అది ఆలోచించదగ్గది. చర్చిలో ఎక్కువగా తినేది శిలువ దగ్గర, వరండాలో రాత్రంతా వెలిగే దీపాలు. మసీదులో నీళ్ల మోటారు. వజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం, చేసేటప్పుడు కుళాయి ధారగా వదిలితే నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోతాయి. ప్రవక్త 'ముద్' అనే కొలతకు ఒక కొలత నీటితో, అంటే లీటరు కంటే తక్కువతో వజూ చేసేవారని, పారే నది ఒడ్డున ఉన్నా నీరు వృథా చేయవద్దన్నారని హదీసుల్లో ఉంది. నేను చూసిన ఒక మసీదులో ఇమాం సాహెబు ఒక జుమ్మా రోజు ఈ మాటలు చెప్పి, కుళాయిలకు ధార తగ్గించే జల్లెడ మూతలు బిగించారు. మోటారు వేసే సమయం బాగా తగ్గింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హదీసు ఇమాం నోటే రావాలి. "ఏదెను తోటను సేద్యపరచుటకును దాని కాచుటకును" దేవుడు నరుణ్ని ఉంచాడన్న ఆదికాండం మాట పాస్టరు గారి నోటే రావాలి. కథోలిక సంఘాల్లో అయితే ఫాదరు గారు పోప్ ఫ్రాన్సిస్ 2015లో భూమిని మన ఉమ్మడి ఇల్లుగా చూడమని రాసిన లేఖను ఎత్తుకోవచ్చు. మందిరం కమిటీ కుర్రవాళ్లు వెళ్లి చర్చిలో బైబిలు వాక్యాలు చెబితే ఎంత మంచి ఉద్దేశమైనా తప్పుగా తోస్తుంది. మీరు మీటరు చదవడం నేర్పండి, లైసెన్సున్న మనిషిని పంపండి. మాట వాళ్ల పెద్దలకు వదిలేయండి.

దీపం ఆర్పడం కూడా సేవ అవుతుందని నాకు నేర్పింది గంజాం సముద్ర తీరం. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పొడంపేట, గోఖరకుద ఊళ్ల దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలుగా ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒడియావాళ్లు నోళియాలు అని పిలిచే మన తెలుగు మత్స్యకారులు ఆ తీరం పొడవునా ఉన్నారు. గుడ్లు పెట్టిన సుమారు 50 రోజులకు పిల్లలు రాత్రిపూట బయటికి వస్తాయి. సముద్రం మీది ఆకాశం ఒడ్డు కంటే వెలుగుగా ఉంటుంది కాబట్టి వెలుగు ఉన్న వైపు నడవడమే వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఒడ్డున పెద్ద దీపం ఉంటే అవి సముద్రం వదిలి ఊరివైపు పాకుతాయి, తెల్లవారేసరికి కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. ఆ రోజుల్లో తీరం వైపు దీపాలు ఆర్పమని, కప్పమని అటవీ శాఖ వారు కోరుతుంటారు.

ఆ తీరంలో ఒక గంగమ్మ గుడి ముందు దీపం సముద్రం వైపే తిరిగి ఉండేది, రాత్రి వేటకు వెళ్లినవారికి గుర్తుగా. దాన్ని పూర్తిగా ఆర్పమంటే వాళ్ల భద్రత సంగతేమిటి? చివరికి ఊరివాళ్లే ఉపాయం చెప్పారు. ఖాళీ నూనె డబ్బా రేకు కత్తిరించి దీపానికి గొడుగులా వంచి బిగించాం. వెలుగు గుడి మెట్ల మీదికే దిగింది, ఇసుక తిన్నెలు చీకటిగా ఉండిపోయాయి. పడవలకు గుర్తుగా, ఆ నెల రోజులు ఒడ్డుకు చేరే వేళకు మాత్రం ఒక మనిషి లాంతరు పట్టుకుని నిలబడేలా ఏర్పాటు చేసుకున్నారు. కూర్మావతారాన్ని కొలిచే శ్రీకూర్మం ఇదే తీరం వెంట దక్షిణాన ఉంది. తాబేలు పిల్ల దారి తప్పకుండా దీపం తగ్గించడం పూజ కాదని ఆ ఊరిలో ఎవరూ అనలేదు.

ఇప్పుడు మీ పెద్దల మాట. "దేవుడి దగ్గర లెక్కలేమిటి" అన్నారు కదా. మీ వంశధార ఒడ్డునే, మీకు దిగువన శ్రీముఖలింగం ఉంది. తూర్పు గంగరాజుల కాలపు శాసనాలు ఆ గుడి రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. శ్రీకూర్మంలోనూ, సింహాచలంలోనూ ఉన్నాయి. వాటిలో ఎన్నో అఖండ దీపాల దానాలే. దీపం ఆరకుండా వెలగడానికి ఎవరు ఏమిచ్చారు, మాడలా (ఆనాటి నాణేలు), పశువులా, భూమా, ఎవరి ఆధీనంలో ఉంచారు, అన్నీ రాతి మీద చెక్కించారు. దీపానికి లెక్క రాయడం భక్తికి తక్కువని వాళ్లు అనుకోలేదు. దేవుడి సొమ్ము కాబట్టే సొంత ఇంటి లెక్క కంటే గట్టిగా రాశారు. మీటరు రీడింగు నేటి శాసనం. పెద్దలకు ఈ మాట వినయంగా, మందిరంలోనే కూర్చుని చెప్పండి.

వాళ్లు మరో మాట అనవచ్చు: కొండలూ, అడవులూ, పర్యావరణం ప్రభుత్వం చూసుకోవలసినవి, మతానికి సంబంధం లేదని. మీ జిల్లాలోనే జవాబు ఉంది. నియమగిరి తమ దేవుడు నియమరాజు కొండ అని అక్కడి గిరిజనులు డొంగ్రియా కొంధులు బాక్సైటు గనిని ఎదిరించారు. వారి మత విశ్వాస హక్కులను కూడా గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ వద్దన్నాయి, గని ఆగింది. అక్షరం రాని అవ్వలు లేచి నిలబడి ఆ సభల్లో మాట్లాడారు. దేవుడు కొండలో ఉన్నాడన్న నమ్మకం ఒక కొండను నిలబెట్టింది.

కరెంటు కూడా గాలిలోంచి రాదు కదా. కోరాపుట్ దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్నది, 1955 నుంచి నడుస్తోంది, సామర్థ్యం 120 మెగావాట్లు. దాని జలాశయం కింద ఊళ్లు మునిగాయి. తాల్చేరు బొగ్గుతో తయారయ్యే కరెంటైతే ఒక్కో యూనిట్‌కు కిలోకు దగ్గరగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఎవరి ఊరో, ఎవరి ఊపిరో ఖర్చైతే వెలిగిన దీపం అది. ఖాళీ గదిలో దాన్ని వెలిగించి ఉంచడం నా మనసుకు తప్పుగానే తోస్తుంది. ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను.

అన్నదానం వంట గురించి మీరు అడగలేదు కానీ రెండు మాటలు. పూరీ జగన్నాథుని వంటశాలలో కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండుతారు. కింది కుండల ఆవిరీ, పొయ్యి వేడీ పైవాటికి అందుతాయి, వృథాగా పోవు. మీ శ్రీరామనవమి వంటలో మూత లేని గుండిగలు ఎన్ని ఉన్నాయో ఈసారి చూడండి. పప్పు ముందురోజు నానబెట్టి, మూతపెట్టి వండితేనే గ్యాసు ఎంతో మిగులుతుంది.

ప్యానెళ్ల సంగతికి వద్దాం. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు 120 వస్తాయి. ఇప్పుడు మీ బిల్లు నెలకు 480 యూనిట్లు అనుకుందాం. ఈ రోజే కొంటే నాలుగు కిలోవాట్లు కావాలి. హాలోజన్లూ, లీకేజీలూ పోయి 180కి దిగాక కొంటే ఒకటిన్నర కిలోవాట్ చాలు. చందా సగానికి సగం మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని బ్యాటరీకి పెట్టమని నా సలహా. ఎందుకో చెబుతాను.

11 అక్టోబరు 2018న తిత్లీ తుపాను మన మీద పడింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, ఎన్నో కొండ ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఒక సవర గూడెంలో చర్చి మీద ఉన్న చిన్న ప్యానెలు ఒక్కటే మిగిలింది. పాస్టరు గారు బల్ల మీద ఒక పలక పెట్టి, వంతుల ప్రకారం ఫోన్లు చార్జింగుకు పెట్టించారు. మొదటి వంతు గర్భిణులున్న ఇళ్లది. హిందువుల ఇల్లా, క్రైస్తవుల ఇల్లా అని ఎవరూ అడగలేదు. మీ మందిరం ప్యానెలు కూడా అలా పనికిరావాలంటే మామూలుగా గ్రిడ్‌కు కలిపినది చాలదు. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. ఫ్రేములు తుపాను గాలికి తట్టుకునేలా కాంక్రీటు కప్పులోకి బోల్టులతో దిగాలి. రేకుల షెడ్డు మీద మాత్రం వద్దు.

రాయితీ గురించి జాగ్రత్త. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయలు ఇళ్లకు ఉద్దేశించినవి. మందిరానికి వస్తాయని చెప్పి చందాలు వసూలు చేయకండి. మీ ఊరి ఇళ్లవాళ్లు ఆ పథకంలో చేరడానికి మందిరం అరుగు మీద కూర్చుని దరఖాస్తులు నింపడంలో సాయపడితే అదీ పెద్ద సేవే. ఉత్సవాలకు తెచ్చే డీజిల్ జనరేటరుదీ ఒక లెక్క ఉంది: లీటరుకు మూడు, నాలుగు యూనిట్లకు మించి రావు, అంటే యూనిట్ సుమారు పాతిక రూపాయలు పడుతుంది. ముందుగా దరఖాస్తు పెట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన రోజుల్లో తప్ప, రాత్రి పదింటికి మైకు ఆపడం ఎలాగూ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం తప్పనిసరి.

మొదలుపెట్టే రోజు అమావాస్యో పౌర్ణమో మీ ఇష్టం, కానీ మూడు చోట్లా ఒకే తేదీన రీడింగు తీయండి. మందిరంలో పంచాంగం రాసే నల్లబల్ల మీద తిథి, నక్షత్రం కింద మూడో వరుసగా మీటరు అంకె రాయించండి. చర్చిలో ఆ ఆదివారం కీర్తనల సంఖ్యలు పెట్టే పలక మీద, మసీదులో నమాజు వేళల బోర్డు మీద రాసుకోవచ్చు. ఎవరు ఎంత తగ్గించారని పోటీ పెట్టకండి. ఎవరి అంకె వారికే.

మూడు నెలల బిల్లులు చేతికి వచ్చాక ప్యానెళ్ల గురించి మళ్లీ రాయండి. బిల్లులు ఒడియాలో ఉంటాయని జంకవద్దు. శాంక్షన్ లోడ్, కేటగిరీ ఉన్న పేజీని ఫొటో తీసి పెట్టండి, నేను చదివి చెబుతాను. అంతకంటే ముందు, మీ మందిరంలో నీళ్ల మోటారు ఉంటే దాని వైరు ఒకసారి చూపించుకోండి. అది ఈ వారంలోనే చేయించండి, ఆగవద్దు.